ఏడో గూటిలో గొంతు

నాకు జపనీస్ రాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. ఈ పరాయి దేశపు యూనివర్సిటీలో లాంగ్వేజ్ ల్యాబ్ తాళాలు పదహారేళ్లుగా నా దగ్గరే ఉంటాయని తెలిసిన ప్రతి ఒక్కరూ, "అబ్బో, అయితే మీకు డజను భాషలు వచ్చేసుండాలే" అంటారు. ఏం వస్తాయి, నా మొహం! బస్సులో టిక్కెట్లు కొట్టేవాడికి బస్సు నడపడం వచ్చేస్తుందా?

ఉదయం తొమ్మిదికి తాళం తీస్తాను. హెడ్‌ఫోన్లు స్పిరిట్ గుడ్డతో తుడుస్తాను. ఎవరికి ఏ పాఠం కావాలంటే ఆ పాఠం పెడతాను. ల్యాబులో పన్నెండు చిన్న చిన్న గదులున్నాయి. నేను వాటిని గూళ్లంటాను. మూడు పక్కలా చెక్క, ముందు గాజు తలుపు, లోపల ఒక కుర్చీ, ఒక మైకు, అంతే. నా బల్ల మీద పన్నెండు మీటలున్న పెట్టె ఉంటుంది. ఏ మీట నొక్కితే ఆ గూట్లో వాళ్లు మాట్లాడేది పెట్టెకున్న చిన్న స్పీకర్లోంచి నా చెవిలో పడుతుంది. ఇది దొంగతనంగా వినడం కాదు, నా ఉద్యోగమే అది.

పిట్ట ఈ ల్యాబుకి వచ్చింది సెప్టెంబరులో. పిట్ట అని నేను పెట్టిన పేరే. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి, సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేది. నోరు మాత్రం ఒక్క క్షణం ఊరుకునేది కాదు. మొదటి రోజే నా బల్ల మీది నోటుబుక్కు మీద తెలుగు అక్షరాలు చూసి, "అక్కా! మీరు మనవాళ్లేనా? అయ్యో, ముందే చెప్పొచ్చు కదా, అరగంట నుంచి చేతులతో అభినయం చేయిస్తున్నారు నాతో" అని పోట్లాటకి దిగింది. గరుకు గొంతు. మాటలు ఒకదాని మీద ఇంకొకటి పడిపోయేవి. మాట సగంలో ఉండగానే ముక్కుతో గుర్రుమని నవ్వేది. ఆ గొంతు ఎలా ఉండేదో మీరు గుర్తుపెట్టుకోవాలి. ఈ కథంతా దాని గురించే.

ఇంటి దగ్గర ఎనిమిదేళ్లు ఒక ఆస్పత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే ఉద్యోగం చేసిందట. "గొంతు అరిగిపోయింది అక్కా, అరిచి అరిచి" అని చెప్పుకునేది. మొగుడి సంగతి అడిగితే "ఉన్నాడు, వేరేవాళ్లకి" అని ఊరుకుంది. నేనూ రెండోసారి అడగలేదు. ఐదేళ్ల కూతురుంది, దాన్ని చిట్టి అనేది. చిట్టిని సొంత అక్క దగ్గర వదిలి, రెండేళ్ల కోర్సుకి ఇక్కడికొచ్చింది. జపనీస్ నేర్చుకుంటే దుబాసీ ఉద్యోగం గ్యారంటీ అని ఎవరో చెప్పారు. జపనీస్ వాళ్ల దేశంలోనే సీటు కావాలంటే ఖర్చు తట్టుకోలేదు, ఇక్కడ విదేశీ విద్యార్థులకి ఫీజు లేదు. అదీ లెక్క.

దాని కన్ను మాత్రం ఒకదాని మీదే ఉండేది. మా ల్యాబ్ కిటికీలోంచి చూస్తే విద్యార్థుల కుటుంబాలకిచ్చే క్వార్టర్లు కనిపిస్తాయి. మొదటి ఏడాది చివర మాట్లాడే పరీక్షలో ఫస్టు వచ్చిన విదేశీ విద్యార్థికి అందులో రెండు గదుల ఇల్లిస్తారు. పిల్లల్ని తెచ్చుకోవడానికి కాగితాలూ వాళ్లే చూస్తారు. ఏడాదికి ఒక్కరికే.

"మూడో అంతస్తు, పసుపు కర్టెన్లు. అదే అక్కా మాది" అని వేలు పెట్టి చూపించేది పిట్ట, అప్పటికే అద్దె కట్టేసినట్టు.

ఇప్పుడు ఈ భాష నేర్పే పద్ధతి ఒకటి చెప్పాలి. దాన్ని వాళ్లు నీడ అంటారు. చెవిలో గొంతు మాట్లాడుతూ ఉంటుంది. వాక్యం పూర్తయ్యేదాకా ఆగకూడదు. అర్థం ఆలోచించకూడదు. అరక్షణం వెనకాలే నువ్వూ అదే మాట, అదే లాగుడు, అదే ఊపిరితో అనుకుంటూ పోవాలి. మనిషి వెనకాల నీడ పోయినట్టు. గంటకి గంట ఇదే పని. కొత్త పిల్లలు మొదటి వారం తలనొప్పని మాత్రలు మింగుతారు.

ఆ చెవిలో గొంతు మేడమ్‌ది. మా జపనీస్ శాఖకి మొట్టమొదటి టీచరు ఆవిడ. ముప్పై ఏళ్ల కిందట నలభై పాఠాలు ఆవిడే రికార్డు చేసింది, ఇదే ల్యాబులో, ఏడో గూట్లో కూర్చుని. పన్నెండేళ్లయింది పోయి. మెత్తటి గొంతు. ప్రతి వాక్యానికి ముందు చిన్నగా ఆగుతుంది, తలుపు తీసే ముందు వేలితో తట్టినట్టు. కాగితం తిప్పిన ప్రతిసారీ పొడిగా ఒక దగ్గు. "క్హు." క్యాసెట్లలోంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆ దగ్గు తీసేద్దామా అనడిగితే శాఖ హెడ్ సారు ఒప్పుకోలేదు. ఆయన ఆవిడ శిష్యుడే మరి. ఈ పాఠాలు విని విని నాకొక్క మాట మాత్రం తెలిసిపోయింది. మొదటి పాఠంలో మొదటి మాట, "హాజిమెమాష్తే." బొత్తిగా పరిచయం లేనివాళ్లు మొదటిసారి కలిసినప్పుడు చెప్పుకునేదట.

మేడమ్ భర్త ఇంకా ఉన్నాడు. తాత అంటాను ఆయన్ని. నలభై ఏళ్ల కిందట ఆవిడతో పాటే ఈ ఊరొచ్చి, యూనివర్సిటీ గేటు ఎదురుగా కళ్ళజోళ్ల కొట్టు పెట్టుకున్నాడు. నా కళ్ళజోడు కూడా ఆయన చేసిందే. ఆవిడ పోయినప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటికి వస్తాడు. టోపీ తీసి నా బల్ల మీద పెడతాడు. ఏడో గూట్లో కూర్చుని ఒక పాఠం వింటాడు, వెళ్లిపోతాడు. బయటివాళ్లని రానివ్వకూడదని రూలుంది. ఉంటే ఉండనీ. నేను రానిస్తాను.

జనవరిలో ఒకరోజు ఏదో పనిలో ఉండి ఏడో మీట నొక్కాను. పిట్ట అందులో ఉందని తెలుసు. మేడమ్ గొంతు ఒక్కటే వినిపిస్తోంది. ఇది మైకు వేసుకోవడం మర్చిపోయి ఉంటుంది, దీని మతిమరుపు తగలెయ్య అనుకుని గాజులోంచి చూశాను. పెదాలు కదులుతున్నాయి. మైకు దీపం వెలుగుతోంది. సరే, రెండు గొంతులూ బాగా కలిశాయి, మంచిదే అనుకున్నాను. అప్పుడు నా స్క్రీను మీద చూపు పడింది. పాఠం అయిపోయి నాలుగు నిమిషాలయింది.

గొంతు మాత్రం ఆగలేదు. మెత్తగా, ప్రతి వాక్యానికి ముందు ఆ చిన్న ఆపుతో సాగుతూనే ఉంది. ఒకచోట "క్హు" అని దగ్గింది. ఆవిడ బతికుండగా నాలుగేళ్లు ఆ దగ్గు విన్నాను నేను, నా వెనకాల ఇదే గదిలో. వెళ్లి గాజు మీద దబదబా కొట్టాను.

పిట్ట తలుపు తీసింది. చిన్నగా ఆగింది. తర్వాత, "ఏంటక్కా?" అంది తెలుగులో.

ఆ మాటలో తప్పేం లేదు. ఆ ముందున్న ఆపు దానిది కాదు. పిట్ట ఎప్పుడూ మాట ముందు ఆగిన మనిషి కాదు.

"టేపు అయిపోయింది కదే, ఏం వాగుతున్నావు?"

"అయిపోయిందా?" అని తెల్లబోయింది. "నేను వెంట పోతూనే ఉన్నానక్కా. వినిపిస్తూనే ఉంది."

చదువు ఎక్కువై బుర్ర వేడెక్కిందని తిట్టి టీ తాగించాను. ఆ రోజుకి అలా సర్దుకుంది.

తర్వాతి గురువారం పిట్ట టైము చూసుకోకుండా ఏడో గూట్లోనే ఉండిపోయింది. తాత వచ్చాడు. టోపీ బల్ల మీద పెట్టబోతూ ఆగిపోయాడు. గూటి తలుపు ఓరగా ఉంది, గొంతు బయటికొస్తోంది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరిగి, ఇక్కడి భాషలో, "అది ఎన్నో పాఠం? నేను వినలేదే" అన్నాడు.

"పాఠం కాదు తాతగారూ, మా అమ్మాయి. సాధన చేసుకుంటోంది."

ఆయన చేతిలో టోపీ కిందపడింది. తీసుకోలేదు.

ఆ రోజు నుంచి గురువారాలు మారిపోయాయి. తాత పిట్టతో మాట్లాడతానన్నాడు. పుట్టుకతో ఆ భాష వచ్చిన మనిషి, పైసా తీసుకోకుండా, వారానికి ఒక గంట! పిట్టకి లాటరీ తగిలినట్టయింది. "నా అదృష్టం చూడక్కా" అని గంతులేసింది. అందులో ఉన్న పొరపాటు దానికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. తాత దాని తప్పులు దిద్దుతున్నాడని మేమనుకున్నాం. ఆయన దిద్దింది తప్పుల్ని కాదు.

కళ్ళజోడు ఎలా అమరుస్తారో మీకు తెలుసు కదా. ముక్కు మీద ఇనుప ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి "ఇది బాగుందా?" అంటారు, తీసి ఇంకోటి వేసి "ఇదా?" అంటారు. అచ్చం అలాగే చేసేవాడాయన. ఒకే వాక్యం రెండు రకాలుగా అనిపించేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. తల అడ్డంగా ఊపి, పిట్ట కణత పక్కన గాల్లో రెండు వేళ్లతో ఏదో తిప్పినట్టు తిప్పేవాడు. పిట్ట మళ్లీ అనేది. ఇంకాస్త మెత్తగా. ఇంకాస్త కిందికి. ఆయనకి స్పష్టంగా కనిపించేదాకా అలా మారుస్తూనే ఉండేవాడు. గాజు బయట నుంచి చూస్తుంటే నాకు నచ్చేది కాదు. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయాను.

ఒక గురువారం ఆయన దానికి ఒక చిన్న మాట నేర్పాడు. నలభై పాఠాల్లో ఎక్కడా లేని మాట. పిట్ట రెండు మూడు సార్లు అంది. నాలుగోసారి అనగానే ఆయన కళ్లు మూసుకునే, చాలా మామూలుగా, పక్కగదిలోంచి పిలిస్తే పలికినట్టు బదులు పలికాడు.

"ఏంటే ఆ మాట?" అని తర్వాత అడిగాను.

"ఇంట్లో ఆవిడ ఆయన్ని పిలిచే పిలుపట అక్కా. టేపుల్లో అది లేదని బాధపడ్డాడు, పాపం. పిలిస్తే నా సొమ్మేం పోయింది?"

నాకు ఒళ్లు మండింది. హెడ్ సారు దగ్గరికి వెళ్లాను. "సార్, ఈ తాత నేర్పేది పరీక్షకి పనికొచ్చేదేనా, ఒకసారి విని చెప్పండి" అన్నాను. ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చుని ఏడో మీట నొక్కాడు. రెండు నిమిషాలు విన్నాడు. మొహంలో రక్తం లేదు.

"ఈ గొంతుతోనే నన్ను తిట్టేది" అన్నాడు మెల్లగా. "పరీక్షలో ఈ అమ్మాయిని దాటేవాళ్లు లేరు." మెచ్చుకోలుగా అన్న మాట కాదది. లేచి తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచాడు, గాజువైపు వీపు పెట్టకుండా.

ఇక చిట్టి సంగతి. ఆదివారాలు ల్యాబ్ సగం పూట తీస్తాను. నెట్ బాగా వస్తుందని పిట్ట ఇక్కడి నుంచే కూతురికి వీడియో కాల్ చేసేది. మొదట్లో ఆ పిల్ల ఫోను వదిలేది కాదు, బళ్లో ఎవరు ఎవరిని గిల్లారో వరసపెట్టి చెప్పేది. ఫిబ్రవరి నుంచి మాటలు తగ్గించింది. తల్లి మాట్లాడుతుంటే తెర వంక కాకుండా పక్కకి చూసేది. నేను గమనించాను, నోరు విప్పలేదు. ఆ తప్పు నాదే.

మార్చిలో ఒక ఆదివారం పిట్ట, "అన్నం తిన్నావా చిట్టీ?" అంది. పిల్ల తెరకి మొహం ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, అమ్మ నోరు కదుపుతోంది. మాట్లాడేది ఎవరు?" అని అడిగింది.

"పిచ్చి మొద్దూ, అమ్మేనే!" అని పెద్దమ్మ నవ్వింది. పిట్ట కూడా నవ్వబోయింది. ఆ ముక్కు నవ్వు రాలేదు. "క్హు" అని దగ్గొచ్చింది.

చిట్టి ఫోను నేల మీద బోర్లా పెట్టేసింది. మా తెరంతా నల్లగా అయిపోయింది. కాసేపటికి ఆ నలుపులోంచి ఒక గొంతు వినిపించింది. గరుకుగా, గబగబా, మాటల మీద మాటలు పడిపోతూ, మధ్యలో గుర్రుమని నవ్వుతూ ఒక చీమ కథ చెబుతోంది. ఊరు వదిలే ముందు పిట్ట తన అక్క ఫోన్లో చెప్పి పెట్టిన కథ అది. పదకొండు నిమిషాలు. రోజూ అన్నం తినేటప్పుడు పిల్ల దాన్నే వింటుందట. ఇప్పుడు ఈ కాల్ ఉన్న ఫోను వదిలేసి, పెద్దమ్మ ఫోన్లో దాన్ని మళ్లీ పెట్టుకుంది, మేం ఇవతల ఉన్నామన్న ధ్యాస లేకుండా.

పిట్ట తల వంచి విన్నది. పెదాలు అరక్షణం వెనకాలే కదిలాయి, అలవాటు కొద్దీ. అందుకోలేకపోయాయి.

"అది నేనేనా అక్కా?" అంది. నాకు ఏడుపొచ్చింది. భయం కూడా వేసింది, అబద్ధమెందుకు.

మూడు ఆదివారాలు చిట్టి ఫోను దగ్గరికే రాలేదు. పరీక్ష ముంచుకొస్తోంది. నేను ఉండబట్టలేక అరిచేశాను. "ఎవరి కోసమే ఆ ఇల్లు? పిల్ల కోసం గొంతు అమ్ముకుంటే పిల్లే రానంటోంది కదే!"

చిన్నగా ఆగి, "ఇప్పుడు మానేస్తే ఇల్లు పోతుంది అక్కా. ఇల్లొస్తే దాన్ని ఎత్తుకుంటాను. ఎత్తుకుంటే తెలియదా, అమ్మనని?" అంది. ఆ మాటలు దానివి. ఆ గొంతు వింటుంటే మాత్రం గదిలో ఇంకెవరో దాని తరఫున మాట్లాడుతున్నట్టే ఉంది.

పరీక్షలో ఫస్టు వచ్చింది. హెడ్ సారు తాళంచెవి బల్ల మీద పెట్టాడే గానీ చేతికివ్వలేదు. మూడో అంతస్తే, పసుపు కర్టెన్లే. ఆ సాయంత్రమే ఇంటికి ఫోను చేసింది. అవతల పెద్దమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పాస్‌పోర్టు ఫోటోకి తీసుకెళ్తే కుర్చీ కింద దూరింది. 'ఆవిడ దగ్గరికి నేను వెళ్లను, అమ్మ వస్తే అమ్మతో ఉంటా' అంటోంది. నేనేం చెయ్యనే?"

పిట్ట తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "ఆ కథ పంపించమంటాను అక్కా. పాఠం లాగా పెట్టండి నాకు" అంది.

"ఏడులోనా?"

"వద్దు! ఏడు వద్దు. మూడులో."

తన గొంతుకే తాను నీడగా నడవడం మొదలుపెట్టిందన్నమాట. విడ్డూరం కాకపోతే ఏంటి? మేడమ్ గొంతు నాలుగు నెలల్లో పట్టుకున్న మనిషికి సొంత గొంతు అందలేదు. రికార్డులో పిట్ట పరుగెడుతుంది, గూట్లో పిట్ట ఆగి ఆగి వస్తుంది. రికార్డులో నవ్వే చోట ఇది దగ్గుతుంది. పూటంతా కూర్చుని, చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చేది. గురువారం తాత వస్తే "ఒంట్లో బాగాలేదు, రాలేదు" అని అబద్ధమాడాను. మూడో గూట్లో బల్ల కిందికి వంగి దాక్కుంది అది, మోకాళ్ల మీద. ఆయన ఒంటరిగా టేపు విని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "అద్దాలు సరిగ్గా కుదిరిన రోజే కళ్ళజోడు పగిలినట్టుంది" అని నవ్వాడు. నా మనసు చివుక్కుమంది.

పది రోజులు గడిచాయి. లాభం లేదు. అప్పుడు పెద్దమ్మకే ఒక ఆలోచన వచ్చింది, చల్లగా ఉండాలి ఆవిడ. ఆదివారం ఫోను మంచం మీద బోర్లా పెట్టే ఉంచి, చిట్టితో, "ఆవిడెవరో చీమ కథ నేర్చుకోవాలటే. అస్సలు రాదట. నువ్వు నేర్పుతావా?" అంది.

పిల్లలకి టీచరు పని దొరికితే ఇక చెప్పాలా? నల్ల తెరలోంచి చిన్న గొంతు పెత్తనంగా వచ్చింది. "సరే. చెప్పమను."

పిట్ట మైకు పట్టుకుంది. "ఒక చీమ... చెప్పులు కొనుక్కోవడానికి..."

"అలా కాదు! ఆగకుండా చెప్పాలి. ఒకచీమచెప్పులు. అలా."

"ఒకచీమ చెప్పులు కొనుక్కోవడానికి కొట్టుకెళ్లింది. కొట్టువాడు, ఎన్ని చెప్పులమ్మా అన్నాడు."

"కొట్టువాడిది లావు గొంతు."

"ఎన్ని చెప్పులమ్మా!"

"ఇంకా లావు."

నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. ఇదా, ఇదా అని గాల్లో తిరిగిన ఆ రెండు వేళ్లు గుర్తొచ్చాయి. ఐదేళ్ల పిల్ల కూడా సరిగ్గా అదే పని చేస్తోంది. అద్దం మీద అద్దం మార్చి, తనకి కావలసిన మనిషి కనిపించేదాకా ఊరుకోవడం లేదు. పిట్ట ఆ చేతుల్లో మైనంలా ఉంది. ఎవరు ఎలా పోత పోస్తే ఆ రూపు.

"చీమ ఏమో, ఆరు కాళ్లు కదా నాకు, మూడు జతలివ్వు అంది."

"అబ్బా, ఇక్కడ కుక్కరు కూత రావాలి!" అని విసుక్కుంది చిట్టి.

పిట్ట బిక్కమొహం వేసి నావైపు చూసింది. ఆ రోజు వంటింట్లో కూర్చుని చెప్పిందట కథ. ఏం చేస్తాను? యాభై మూడేళ్ల దాన్ని, కాస్త పరువూ మర్యాదా ఉన్న దాన్ని, మైకు దగ్గరికి వంగి "కుయ్య్య్" మని కూత పెట్టాను. సగంలో ఊపిరి చాలక అది పిల్లి అరుపయింది.

"ఎవరది?" అంది చిట్టి.

"కుక్కర్ అత్తనమ్మా" అన్నాను.

పిల్ల కిలకిలా నవ్వింది. పిట్ట నావైపు చూసి ఆపుకోబోయింది, ఆగలేదు. ముక్కులోంచి గుర్రుమని, గరుగ్గా, ఆస్పత్రి హాలంతా తిరిగి చూసేంత నవ్వు బయటికొచ్చింది. నేను విని ఎన్ని నెలలయిందో.

నల్ల తెర కదిలింది. వెలుతురొచ్చింది. తెరంతా ఒక పెద్ద కన్ను, ఆ కన్ను నిండా నీళ్లు.

"అమ్మా! ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావు?"

పిట్ట ఏం చెప్పిందో నేను వినలేదు. బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఉద్యోగమే అయినా అన్నీ వినక్కర్లేదు.

ఆ తర్వాతి గురువారం అది దాక్కోనంది. "ఆయనకి నేనే చెప్పాలి అక్కా. మొహం చాటేస్తే పాపం తగులుతుంది." మూడింటికి తాత వచ్చాడు. దాన్ని చూడగానే మొహం వెలిగింది. పిట్ట నమస్కారం పెట్టి, జపనీస్‌లోనే మాట్లాడింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గొంతు బొంగురుగా ఉంది. భాష రాని నాకే తెలిసిపోయింది, మన పిట్ట మాట్లాడుతోందని.

తాత కళ్లు మూసుకుని విన్నాడు. చెయ్యి లేచింది. దాని కణత పక్కన రెండు వేళ్లు తిరిగాయి. ఇదా?

పిట్ట తల అడ్డంగా ఊపింది. కళ్లల్లో నీళ్లు పెట్టుకుని, మళ్లీ అదే గరుకు గొంతుతో అదే మాట చెప్పింది.

వేళ్లు గాల్లో ఆగిపోయాయి. కళ్లు తెరిచి దాన్ని పైనుంచి కిందికి చూశాడు, అంత దగ్గరగా ఇన్ని నెలలు కూర్చున్న మనిషిని అప్పుడే చూస్తున్నట్టు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, నడుము దాకా వంగి, "హాజిమెమాష్తే" అన్నాడు.

ఆ ఒక్క మాటా నాకు తెలుసు. పిట్ట కూడా వంగి అదే మాట తిరిగి చెప్పింది. ఆయన ఏడో గూట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పిట్ట నా పక్క కుర్చీలో కూలబడింది. "అయిపోయింది అక్కా" అంది. నేనూ ఊపిరి పీల్చుకుని, అలవాటుగా తాత కోసం టేపు పెడదామని పెట్టెవైపు తిరిగి ఏడో మీట నొక్కాను. అప్పటికే మేడమ్ గొంతు వస్తోంది. మెత్తగా, ప్రతి వాక్యానికి ముందు చిన్నగా ఆగుతూ.

నేనింకా టేపు పెట్టలేదు.

గాజులోంచి చూశాను. తాత హెడ్‌ఫోన్లు కూడా తగిలించుకోలేదు. కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పన్నెండేళ్ల గురువారాలు, ఒక్కోటీ ఒక్కో పాఠం. ఆయనా నడిచాడు నీడగా, మేమెవరమూ గమనించలేదు. ముందు ఆ మెత్తటి గొంతుతో, గురువారాల్లో పిట్ట నోట నేను విన్న ఆ చిన్న పిలుపు పిలిచాడు. తర్వాత సొంత గొంతుతో తనే బదులు పలికాడు. మళ్లీ పిలిచాడు. మళ్లీ పలికాడు. కాగితం లేకపోయినా చెయ్యి కాగితం తిప్పినట్టు కదిలింది.

"క్హు."

నా పక్కన పిట్ట గొంతులో ఏదో కదిలింది. నేను చూస్తుండగానే దాని మెడ నరాలు బిగుసుకున్నాయి, అరక్షణం వెనకాల దగ్గు పైకి వస్తోంది. గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చేతుల మీద నుంచి నన్ను చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. ఒక చేత్తో నోరు అలాగే నొక్కి పట్టుకుని, రెండో చేత్తో ఫోను తడుముకుని ఇంటి నంబరు నొక్కింది. మూడు మోతల తర్వాత అవతల ఎత్తారు. ఏడో మీట ఇంకా తెరిచే ఉంది, ఆ పిలుపు వస్తూనే ఉంది.

పిట్ట నోటి మీద చెయ్యి తీసింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఆగకుండా, ఒక్క ఊపిరిలో, "చిట్టీ" అంది.

"ఏంటమ్మా?" అంది చిట్టి.

నేను ఏడో మీట ఆపేశాను.